ప్రాజెక్టు డైరీ: సావిన్యీ ఉద్యోగ జీవితం – తెలుగు కాలపట్టిక

ఏం తయారవుతోంది

జర్మన్ న్యాయశాస్త్ర పండితుడు ఫ్రీడ్రిష్ కార్ల్ ఫాన్ సావిన్యీ (1779–1861) ఉద్యోగ జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో వరసగా పేర్చడం ఈ ప్రాజెక్టు పని. బయటికి వచ్చేవి రెండు. ఒకటి, ఎవరైనా తీసుకుని వాడుకోగల స్ప్రెడ్‌షీట్. రెండోది, దాని నుంచి గీసిన 6 అడుగుల × 2 అడుగుల గోడ పట్టిక. లా కాలేజీ లైబ్రరీ గోడను దృష్టిలో పెట్టుకుని ఆ కొలత తీసుకున్నాం.

మన దగ్గర జూరిస్‌ప్రుడెన్స్ పేపర్ రాసినవాళ్లందరికీ ఈయన ‘సావిగ్నీ’గా పరిచయమే. చట్టం జనం జీవితంలోంచి పుట్టాలి గానీ పైనుంచి దించితే నిలవదన్నాడు, చట్టాల క్రోడీకరణను, అంటే అన్నిటినీ ఒకే కోడ్‌గా కూర్చడాన్ని, వ్యతిరేకించాడు. పరీక్షకు అంతవరకు చాలు. అదే మనిషి 1842 నుంచి 1848 దాకా, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యాలో చట్టాలు తయారుచేసే మంత్రిగా ఉన్నాడన్న సంగతి మాత్రం ఒక వాక్యంలో తేలిపోతుంది. రాసినవాళ్లు కూడా ‘మంత్రిగా పెద్దగా చేసిందేమీ లేదు’ అని ఒక ముక్క తగిలిస్తారు. తేదీలూ ముసాయిదాలూ వరసగా పేర్చి చూస్తే ఆ ముక్క నిలబడదు. అందుకే పట్టిక బరువంతా ఆ ఆరేళ్ల మీద పెట్టాం.

స్ప్రెడ్‌షీట్ చట్రం – పూర్తయింది

ఒక్కో పదవికి, ఒక్కో పుస్తకానికి, ఒక్కో చట్టానికి ఒక్కో వరస. నిలువు గడులు తొమ్మిది: మొదలైన తేదీ, ముగిసిన తేదీ, తేదీ ఎంతవరకు కచ్చితం (రోజు, నెల, సంవత్సరం), ఊరు, అప్పటి రాజ్యం, పదవి లేదా రచన, పై అధికారి, ఆధారం, గమనిక. ఇందులో మూడో గడిని అనవసరం అనుకుని తీసేస్తే పట్టిక నమ్మకం పోతుంది. సంవత్సరం మాత్రమే తెలిసిన సంగతిని ఎవరో ఒకరు 1812-01-01 అని కొడతారు. రెండు కాపీలు మారేసరికి అది జనవరి ఒకటో తేదీన జరిగిన ఘటనగా స్థిరపడిపోతుంది.

తేదీలతో ఇంకో చిక్కుంది. ఎక్సెల్ 1900 జనవరి 1కి ముందున్న తేదీలను తేదీలుగా గుర్తించదు, అక్షరాలుగా వదిలేస్తుంది. 21-02-1779 పద్ధతిలో కొట్టి, వరస పెట్టమంటే రోజు అంకెను బట్టి పెడుతుంది. అంటే ఇరవై ఒకటో తేదీలన్నీ ఒకచోట, ఇరవై ఎనిమిదో తేదీలన్నీ ఇంకోచోట చేరతాయి. గడి ఫార్మాట్‌ను ముందే ‘టెక్స్ట్’ చేసి, సంవత్సరం-నెల-రోజు క్రమంలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలు వేసి (1779-02-21) రాస్తే అక్షర క్రమమే కాలక్రమం అవుతుంది.

వయసూ వారమూ లెక్కకట్టాలంటే సంవత్సరానికి 400 కలిపి, ఆ కలిపిన తేదీని పక్క గడిలో అసలు తేదీగా పెట్టాలి. గ్రెగోరియన్ క్యాలెండర్ 400 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో 1,46,097 రోజులుంటాయి, ఆ సంఖ్య 7తో శేషం లేకుండా భాగమవుతుంది. కాబట్టి లీపు సంవత్సరాలూ తప్పవు, వారాలూ తప్పవు. 2179 ఫిబ్రవరి 21 ఆదివారం, సావిన్యీ పుట్టిన 1779 ఫిబ్రవరి 21 కూడా ఆదివారమే. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఈ ఒక్క తేదీని ముందు పరీక్షించి చూసుకుంటే మిగతా లెక్కలు ధైర్యంగా చేయొచ్చు.

1779–1810 వరసలు – పూర్తయ్యాయి

ఇక్కడ పని తేలిక, కానీ ‘అప్పటి రాజ్యం’ గడి దగ్గర ఆగాలి. పుట్టింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, అది అప్పుడు స్వతంత్ర సామ్రాజ్య నగరం. పదమూడేళ్లు వచ్చేసరికి తల్లీ తండ్రీ పోయారు. వెట్స్‌లర్‌లోని సామ్రాజ్య న్యాయస్థానంలో పదవిలో ఉన్న నోయ్‌రాట్ సంరక్షణలో పెరిగాడు. 1795లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు, అది హెస్సె-కాసెల్ రాజ్యం. 1800లో అక్కడే డాక్టరేట్. దాని అంశం క్రిమినల్ లా అని గమనించాలి. రోమన్ లా పండితుడిగానే ఆయన్ను ఎరిగినవాళ్లకు, తర్వాత మంత్రిగా శిక్షాస్మృతి మీద ఆయన అంత పట్టుగా ఎలా పనిచేశాడో ఈ వరస చూస్తే అర్థమవుతుంది. 1803లో ‘స్వాధీనపు హక్కు’ పుస్తకం. అప్పటికి ఆయన వయసు 24. 1804లో కునిగుండె బ్రెంటానోతో పెళ్లి. 1808లో లాండ్స్‌హూట్, అంటే బవేరియా రాజ్యం.

లాండ్స్‌హూట్ వరసలో ఒక గమనిక తప్పనిసరి. ఈ విశ్వవిద్యాలయం 1800లో ఇంగోల్‌స్టాట్ నుంచి అక్కడికి వచ్చింది, 1826లో మ్యూనిక్‌కు వెళ్లిపోయింది. ఇప్పటి పేర్లతో వెతికి ‘మ్యూనిక్ ప్రొఫెసర్’ అని రాస్తే ఊరు మారిపోతుంది. అలాగే ‘జర్మనీ మంత్రి’ అన్న మాట పట్టికలో ఎక్కడా రాకూడదు. జర్మనీ ఒకే రాజ్యంగా ఏర్పడింది 1871లో, అప్పటికి ఆయన పోయి దాదాపు పదేళ్లు.

1804–05 పారిస్ యాత్రకు విడిగా ఒక వరస. మధ్యయుగాల రోమన్ లా చరిత్ర కోసం అక్కడి లైబ్రరీల్లో చేతిరాత ప్రతులు చూడటం ఆ యాత్ర ఉద్దేశం. నోట్స్ ఉన్న పెట్టె దొంగలపాలైంది. 1805లో శిష్యుడు జాకబ్ గ్రిమ్ వచ్చి నకళ్లు రాయడంలో సాయపడ్డాడు. జానపద కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే ఈ జాకబ్. ఈ యాత్ర కాలపు ఫ్రెంచి ప్రభుత్వ కాగితాల మీద విప్లవ క్యాలెండర్ ఉంటుంది, అది 1806 జనవరి 1 దాకా అమల్లో ఉంది. మార్చుకోవడానికి ఒక ఆనవాలు: 1805 జనవరి 1 అంటే 13వ సంవత్సరం నివోజ్ నెల 11. ఆ క్యాలెండర్‌లో ప్రతి నెలకూ సరిగ్గా 30 రోజులు కాబట్టి అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, ఏడాది చివరి మిగులు రోజుల దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి.

పాత అచ్చు, చేతిరాత – నడుస్తోంది

1814 నాటి కరపత్రాలు ఫ్రాక్టుర్ అనే పాత జర్మన్ అచ్చులో ఉంటాయి. స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. పేజీ అడుగున ఉండే సన్న అక్షరాల గమనికలకు 400 పెడితే మంచిది. టెస్సెరాక్ట్‌లో (స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం) మామూలు జర్మన్ మోడల్ పెడితే పనికిరాదు, ఫ్రాక్టుర్ మోడల్ వేరే ఉంది. అది పెట్టినా లాటిన్ మాటలు చెడతాయి. ఎందుకంటే ఆనాటి కంపోజిటర్లు జర్మన్ మాటలను ఫ్రాక్టుర్‌లో, లాటిన్ మాటలను రోమన్ అక్షరాల్లో కూర్చేవాళ్లు. న్యాయశాస్త్ర పుస్తకంలో ప్రతి పేజీలో లాటిన్ ఉంటుంది. కాబట్టి రెండు మోడళ్లూ కలిపి నడపాలి.

మిషన్ ఎక్కువగా తడబడేది పొడవు ‘ఎస్’ దగ్గర, అది ‘ఎఫ్’లా కనిపిస్తుంది. పెద్ద ‘బీ’–‘వీ’, పెద్ద ‘ఎన్’–‘ఆర్’, చిన్న ‘కే’–‘టీ’ జంటలు కూడా అంతే. పెద్ద ‘ఐ’, పెద్ద ‘జే’ రెండింటికీ ఫ్రాక్టుర్‌లో ఒకటే అచ్చు. అందువల్ల మనుషుల పేర్ల మొదటి అక్షరాలను మిషన్ చేతికి వదలకూడదు, కంటితో చూసి కొట్టాలి.

ఉత్తరాల చేతిరాత ఇంకా కష్టం. సావిన్యీ కాగితాల్లో పెద్ద భాగం మార్బుర్గ్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో ఉంది. ప్రభుత్వ ఫైళ్ల కోసం బెర్లిన్ దాలెమ్‌లోని ప్రష్యా రహస్య రాజ్య ఆర్కైవ్‌కు పోవాలి. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ‘ఈ’, ‘ఎన్’ దాదాపు ఒకేలా ఉంటాయి. ‘యు’ మీద చిన్న వంపు గీత పెడతారు, దాన్ని పట్టుకుంటే మాట విడిపోతుంది. తేదీల్లో పెద్ద ఉచ్చు నెలల పొట్టి రూపం. 7 పక్కన ‘బీఆర్’ అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబర్. లాటిన్‌లో ‘సెప్టెం’ అంటే ఏడు. 8 అంటే అక్టోబర్, 9 నవంబర్, రోమన్ పది గుర్తు ఉంటే డిసెంబర్. ఇది తెలియకపోతే ఉత్తరాలన్నీ రెండు నెలలు వెనక్కి జరుగుతాయి, జవాబు ప్రశ్నకు ముందే వచ్చినట్టు కనిపిస్తుంది.

1810–1842: ఒకేసారి ఐదు పట్టీలు – పూర్తయింది

ఇక్కడ చాలా పట్టికలు దెబ్బతినే చోటు ఒకటుంది. ‘1810–1842: బెర్లిన్ ప్రొఫెసర్, 1842–1848: మంత్రి’ అని రెండు గడులు గీస్తారు. చూసేవాడికి పుస్తకాల మనిషి 63వ ఏట ఒక్కసారిగా ప్రభుత్వంలోకి దూకినట్టు కనిపిస్తుంది. జరిగింది అది కాదు.

విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ కొత్తగా నిలబెడుతున్న బెర్లిన్ విశ్వవిద్యాలయానికి 1810లో వచ్చాడు. 1811లో ప్రష్యా విజ్ఞాన అకాడమీ సభ్యుడు. 1812–13లో తత్వవేత్త ఫిక్టే తర్వాత ఆ విశ్వవిద్యాలయానికి రెక్టర్, అంటే అధిపతి. 1814 నుంచి యువరాజుకు న్యాయశాస్త్ర పాఠాలు. 1817లో రాజ్యమండలి సభ్యత్వం. చట్టాల ముసాయిదాలు రాజు బల్ల మీదికి వెళ్లే ముందు చర్చకు వచ్చేది అక్కడే. 1819లో రైన్ ప్రాంతపు కేసులకు బెర్లిన్‌లో పెట్టిన అప్పీళ్ల న్యాయస్థానంలో జడ్జి. 1826లో ప్రష్యా చట్టాల సవరణ కమిషన్ సభ్యత్వం.

కాబట్టి ఒక్కో పదవికి ఒక్కో అడ్డ పట్టీ గీశాం. బోధనకు నీలం, న్యాయస్థానానికి ఆకుపచ్చ, ప్రభుత్వానికి ఇటుక రంగు. 1826 దగ్గర నిలువుగీత దించితే ఐదు పట్టీలను కోస్తుంది: ప్రొఫెసర్, అకాడమీ, రాజ్యమండలి, జడ్జి, కమిషన్. మంత్రి పదవి వచ్చేనాటికి ఆయన చట్టాలు తయారయ్యే గదుల్లో పాతికేళ్లు కూర్చున్న మనిషి. పాఠాలు విన్న యువరాజే 1840లో నాలుగో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ పేరుతో రాజయ్యాడు. రెండేళ్లకు గురువుకు మంత్రి పదవి ఇచ్చాడు. బెర్లిన్‌లో ఖాళీ అయిన ఆ ప్రొఫెసర్ పీఠానికి న్యాయశాస్త్ర పండితుడు పుఖ్తా వచ్చాడు.

1814 వరసకు రెండు కరపత్రాలు ఎదురెదురుగా. హైడెల్‌బెర్గ్ ప్రొఫెసర్ థిబో జర్మన్ ప్రాంతాలన్నిటికీ ఒకే సివిల్ కోడ్ కావాలని రాశాడు. సావిన్యీ అదే ఏడాది జవాబు రాశాడు: మన కాలానికి ఇంకా ఆ తాహతు రాలేదు, ముందు శాస్త్రం పండాలి అని. రెండింటినీ అచ్చువేసింది హైడెల్‌బెర్గ్‌లోని ఒకే ప్రచురణ సంస్థ, మోర్ ఉండ్ త్సిమ్మెర్. మన నోట్సుల్లో ఈ 1814 కరపత్రానికి అంటించే ‘ఫోక్స్‌గైస్ట్’ (జనం ఆత్మ) అన్న మాటను ఆ వరసలో పెట్టలేదు. ఆ మాటను 1828లో వాడింది పుఖ్తా. సావిన్యీ రచనల్లో అది కనిపించేది 1840 నాటి ‘నేటి రోమన్ న్యాయవ్యవస్థ’ దగ్గరే. ఆ వరసలోనే పెట్టాం.

1814 జవాబులో సావిన్యీ కాదన్నది మొత్తం సివిల్ చట్టాన్ని ఒక్క దెబ్బతో కోడ్‌గా దించడాన్ని. వివాదం ముదిరిన చోట, ఆచారం స్పష్టంగా లేని చోట ఒక్కో అంశం మీద చట్టం చేయడాన్ని ఆయన కాదనలేదు. మంత్రిగా చేసింది సరిగ్గా అదే. ఈ రెండు వరసలనూ కలుపుతూ పట్టికలో ఒక చుక్కల గీత వేశాం.

1842–1848: మంత్రిత్వ శాఖ – ముప్పాతిక అయింది

ముందు పదవి పేరు. కొన్ని పుస్తకాల్లో ‘మహా ఛాన్సలర్, న్యాయవ్యవస్థకు అధిపతి’ అని కనిపిస్తుంది. ఆ మాట పెడితే పట్టిక మొత్తం పక్కదారి పడుతుంది. ప్రష్యాలో 1832లో న్యాయశాఖను రెండుగా విడదీశారు. కోర్టుల పాలన మ్యూలర్‌కు, చట్టాల సవరణ కాంప్ట్స్‌కు ఇచ్చారు. 1842 ఫిబ్రవరిలో సావిన్యీ వచ్చింది కాంప్ట్స్ స్థానంలోకి. జడ్జీల నియామకాలు, కోర్టుల నిర్వహణ ఆయన చేతిలో లేవు. మ్యూలర్ 1844 దాకా, తర్వాత ఊడెన్ అవి చూశారు. అందుకని పదవి గడిలో ‘చట్టాల సవరణ మంత్రి’ అనే రాశాం.

సవరణకు ఒక శాఖే ఎందుకు కావాల్సి వచ్చిందో గోడ పట్టిక మీద చిన్న పెట్టెలో చెప్పాలి. ప్రష్యాలో అప్పుడు ఒకటి కాదు, మూడు రకాల చట్టాలు నడిచేవి. తూర్పు, మధ్య ప్రాంతాల్లో 1794 నాటి సాధారణ రాజ్యస్మృతి. సుమారు 19,000 సెక్షన్లు. రైన్ నదికి పడమట నెపోలియన్ తెచ్చిన ఫ్రెంచి కోడ్, దానితోపాటు బహిరంగ విచారణ, జ్యూరీ. నోయ్‌ఫోర్‌పోమెర్న్ (బాల్టిక్ తీరంలో ఉంది) లాంటి కొన్ని ముక్కల్లో రోమన్ లా పునాదిగా ఉన్న ఉమ్మడి న్యాయం. కొలోన్‌లో నేరమైంది తూర్పున కొయినిగ్స్‌బెర్గ్‌లో వేరే నేరం, వేరే శిక్ష, వేరే విచారణ.

ఇక చట్టాలను ఆయన పేరుకు ఎలా కట్టాలి అన్నది. ప్రష్యా అధికారిక ‘గెజెట్స్-జమ్‌లుంగ్’ (చట్టాలు వరసగా అచ్చయ్యే గెజెట్) సంపుటాలు తెరిచి ఇలా చూస్తున్నాం. ప్రతి చట్టానికీ రెండు తేదీలుంటాయి: రాజు సంతకం పెట్టిన తేదీ చట్టం చివర, సంచిక బయటికి వచ్చిన తేదీ సంచిక మీద. పట్టికలోకి సంతకం తేదీనే తీసుకోవాలి. చట్టాన్ని పిలిచేది ఆ తేదీతోనే. తర్వాత రాజు పేరు కింద వరసగా ఉన్న మంత్రుల పేర్లు చదవాలి. సావిన్యీ పేరు ఉన్నంత మాత్రాన ముసాయిదా ఆయనదని కాదు, ఇంకో శాఖ చట్టం మీద కూడా సంతకం ఉండొచ్చు. అందుకని మూడు మెట్లు పెట్టాం: ‘ముసాయిదా ఆయన శాఖది’, ‘ఇంకొకరితో కలిసి’, ‘ఆయన కాలంలో వచ్చింది’. ఉదాహరణకు 1843 నవంబర్ 9 నాటి జాయింట్ స్టాక్ కంపెనీల చట్టం మూడో మెట్టులో, బూడిద రంగులో ఉంది.

ఇంకో సంగతి: 1848కి ముందు ప్రష్యాలో ఇప్పటి అర్థంలో పార్లమెంటు లేదు. ముసాయిదా శాఖలో పుట్టి, రాజ్యమండలికి వెళ్లి, కొన్ని సందర్భాల్లో ఎనిమిది ప్రావిన్సుల సభల అభిప్రాయానికి తిరిగి, మళ్లీ మండలికి వచ్చి, చివరికి రాజు దగ్గరికి చేరేది. అంత దూరం నడిచే వస్తువును పట్టిక మీద చుక్కగా పెడితే ‘ఏమీ చేయలేదు’ అన్న భ్రమే మిగులుతుంది. గీతగా గీయాలి. చట్టంగా మారకుండా ఆగిపోయిన వాటినీ గీయాలి, చివర అడ్డగీత కొట్టి.

విడాకుల ముసాయిదా గీతే తీసుకుందాం. 1794 స్మృతి విడాకుల విషయంలో ఉదారంగా ఉండేది. పిల్లలు లేని దంపతులు ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. దాన్ని బిగించాలని రాజుకు పట్టుదల. సావిన్యీ శాఖ తయారుచేసిన ముసాయిదా 1842 అక్టోబర్ 20న కొలోన్ పత్రిక ‘రైనిషె త్సైటుంగ్’లో అచ్చయిపోయింది. ఎవరిచ్చారో చెప్పమని ప్రభుత్వం గద్దించింది, పత్రిక చెప్పలేదు. ఆ పత్రిక సంపాదకుడు కార్ల్ మార్క్స్. 1836–37 శీతాకాలంలో బెర్లిన్‌లో సావిన్యీ తరగతిలోనే కూర్చుని రోమన్ లా విన్న విద్యార్థి. డిసెంబర్ 19న మార్క్స్ ఆ ముసాయిదా మీద వ్యాసం రాశాడు. 1843 ఏప్రిల్ నుంచి పత్రికను నిషేధించారు. చివరికి 1844 జూన్ 28న వచ్చింది విడాకుల విచారణ పద్ధతి మీద ఆర్డినెన్సు మాత్రమే. విడాకులకు కారణాలు స్మృతిలో ఉన్నవే ఉండిపోయాయి. చాలాచోట్ల ‘1844 విడాకుల చట్టం’ అని రాసి, కారణాలు కూడా మారిపోయినట్టు చెబుతారు. గీతను రెండుగా చీల్చి, ‘కారణాలు’ పాయకు అడ్డగీత, ‘పద్ధతి’ పాయకు తేదీ వేశాం.

క్రిమినల్ విచారణ. 1846 జులై 17 చట్టంతో బెర్లిన్‌లోని కామ్మెర్‌గెరిష్ట్ (ఉన్నత న్యాయస్థానం), నగర క్రిమినల్ కోర్టుల్లో మూసిన గదుల్లో కాగితాల మీద సాగే విచారణ పోయి, నోటిమాటతో బహిరంగ విచారణ వచ్చింది. ఆరోపణ మోపే పని జడ్జి చేతిలోంచి ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌కు మారింది. ప్రాసిక్యూటర్ నిందితుడి మీద పడే మనిషిగా కాక చట్టానికి కాపలాదారుగా ఉండాలన్న మాట ఈ పనిలోంచే వచ్చింది. ఊడెన్‌తో కలిసి చేసింది కాబట్టి రెండో మెట్టు. 1847లో 254 మంది పోలిష్ నిందితుల విచారణ ఈ కొత్త పద్ధతిలోనే నడిచింది.

శిక్షాస్మృతి గీత అన్నిటికన్నా పొడుగు. 1843 ముసాయిదాను ప్రావిన్సుల సభలకు పంపారు. ఫ్రెంచి పద్ధతికి, జ్యూరీకి అలవాటుపడిన రైన్ సభ దాన్ని తోసిపుచ్చింది. సవరించి 1845లో, మళ్లీ 1847లో కొత్త ముసాయిదాలు వేశారు. 1848 జనవరి 17 నుంచి మార్చి 6 దాకా ప్రావిన్సుల ఉమ్మడి కమిటీలు బెర్లిన్‌లో కూర్చుని దాన్ని చర్చించాయి, మంత్రిగా సావిన్యీ దాన్ని సమర్థించుకుంటూ వచ్చాడు. ఆ చర్చ ముగిసిన రెండు వారాలకే బెర్లిన్ వీధుల్లో విప్లవం, మంత్రివర్గం రాజీనామా. ఆయన గీత ఇక్కడ ఆగుతుంది గానీ ముసాయిదా గీత ఆగదు. 1851 ఏప్రిల్ 14న ప్రష్యా శిక్షాస్మృతి చట్టమైంది. 1870 ఉత్తర జర్మన్ సమాఖ్య స్మృతికి, దాని వెంట 1871 జర్మన్ సామ్రాజ్య స్మృతికి అదే మూలం. దీన్ని మందపు గీతతో, 1848 దగ్గర రంగు మార్చి గీశాం.

హుండీల (వ్యాపారులు డబ్బు చెల్లింపుకు రాసే బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్) చట్టం కూడా ఇదే తీరు. వ్యాపారులకు జర్మన్ రాజ్యాల సరిహద్దు దాటితే హుండీ నియమాలు మారిపోయేవి. 1847 అక్టోబర్ 20 నుంచి డిసెంబర్ 9 దాకా లైప్‌త్సిగ్‌లో రాజ్యాల ప్రతినిధులు సమావేశమయ్యారు. బల్ల మీద పెట్టుకున్నది ప్రష్యా ముసాయిదానే. ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయ సభ కాలంలో, 1848 నవంబర్‌లో అది సామ్రాజ్య చట్టంగా వెలువడింది. జర్మన్ ప్రాంతాలన్నిటికీ ఒకే చట్టం అన్న మాట 1814లో థిబోది. అది ఒక అంశం మీద మొదట నిజమైంది సావిన్యీ శాఖ నుంచి బయల్దేరిన ముసాయిదాతో. గోడ పట్టికలో ఈ గీతకు నట్టనడుమ చోటిచ్చాం.

ఒకే ఇంటిపేర్లు – జాగ్రత్త పట్టీ

ఇక్కడ వరసలు కలిసిపోకుండా పూర్తి పేర్లే రాయాలి. కార్ల్ ఫ్రీడ్రిష్ ఐష్‌హార్న్ 1815లో సావిన్యీతో, గ్యోషెన్‌తో కలిసి చారిత్రక న్యాయశాస్త్ర పత్రిక పెట్టిన ప్రొఫెసర్. యోహాన్ ఆల్బ్రెష్ట్ ఫ్రీడ్రిష్ ఐష్‌హార్న్ 1840–48 మధ్య మతవ్యవహారాలు, విద్యాశాఖ మంత్రి. చట్టాల కింద సావిన్యీ పేరు పక్కన కనిపించేది ఈయన. మ్యూలర్లు ఇద్దరు: 1832–44 న్యాయశాఖ తండ్రిది, 1862–72 విద్యాశాఖ కొడుకుది. సావిన్యీలూ ఇద్దరే: కొడుకు కార్ల్ ఫ్రీడ్రిష్ (1814–1875) ప్రష్యా దౌత్యవేత్త. 1861 తర్వాత తేదీతో ‘ఫాన్ సావిన్యీ’ కనిపిస్తే అది తండ్రి కాదు.

పుస్తకాల వరసలు – పూర్తయ్యాయి

‘స్వాధీనపు హక్కు’ ఆయన బతికుండగా ఆరు కూర్పులు వచ్చింది, 1803 నుంచి 1837 దాకా. ఏడోది 1865లో, రుడోర్ఫ్ సంపాదకత్వంలో. ఉల్లేఖించేటప్పుడు కూర్పు రాయకపోతే పేజీ అంకె పనికిరాదు. ‘మధ్యయుగాల రోమన్ లా చరిత్ర’ 1815–1831 మధ్య ఆరు సంపుటాలు.

‘నేటి రోమన్ న్యాయవ్యవస్థ’ ఎనిమిది సంపుటాల తేదీలను మంత్రిత్వ శాఖ పట్టీ కింద పెట్టి చూడాలి. మొదటి మూడు 1840, నాలుగూ అయిదూ 1841. తర్వాత ఆరేళ్ల ఖాళీ. ఆరోది 1847, ఏడోది 1848, ఎనిమిదోది 1849. ఈ ఖాళీకి, పైనున్న ఇటుక రంగు పట్టీకి నిలువుగీతలు కలిపితే వేరే వివరణ అక్కర్లేదు. ఆ ఎనిమిదో సంపుటమే వేర్వేరు రాజ్యాల చట్టాలు ఢీకొన్నప్పుడు ఏది వర్తిస్తుందో తేల్చే పద్ధతి చెప్పింది. మూడు రకాల చట్టాలున్న రాజ్యంలో జడ్జిగా, మంత్రిగా చేసిన మనిషి చేతిలోంచి ఆ పుస్తకం రావడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. 1851–53లో ఒప్పంద బాధ్యతల మీద రెండు సంపుటాలతో రచనల పట్టీ ముగుస్తుంది.

మన వైపు వరసలు రెండున్నాయి, అడుగు పట్టీలో. బొంబాయి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్స్‌కిన్ పెర్రీ ‘స్వాధీనపు హక్కు’ ఆరో కూర్పును ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, 1848లో. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి విలియం హాలోవే ‘నేటి రోమన్ న్యాయవ్యవస్థ’ మొదటి సంపుటాన్ని అనువదించాడు. 1867లో మద్రాసులో హిగ్గిన్‌బోథమ్ అచ్చువేసింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లు చేరేది ఆ హైకోర్టుకే.

గోడ పట్టిక అచ్చు – నడుస్తోంది

కొలత: ఏడాదికి 2 సెంటీమీటర్లు. 1779 నుంచి 1861 చివరి దాకా 83 ఏళ్లకు 166 సెంటీమీటర్లు. ఆరడుగులంటే 182.88, రెండు పక్కలా ఎనిమిదేసి సెంటీమీటర్లకు పైగా మిగులుతాయి, వేలాడదీసే ఐలెట్లు (రింగులు) కొట్టడానికి చాలు. ఈ కొలతలో మంత్రి కాలం 12 సెంటీమీటర్లలో ఇరుక్కుపోతుంది, అందులో అన్ని గీతలు పట్టవు. కాబట్టి కింద వేరే పెద్ద పట్టీ: నెలకు అర సెంటీమీటర్. 1842 ఫిబ్రవరి నుంచి 1848 మార్చి దాకా 74 నెలలు, 37 సెంటీమీటర్లు. పై పట్టీ నుంచి కింది పట్టీకి రెండు వాలు గీతలు కలపకపోతే చూసేవాళ్లు రెండింటినీ ఒకే కొలత అనుకుంటారు.

తెలుగు అక్షరాలతో అచ్చు దగ్గర చిక్కు తప్పదు. ఫ్లెక్స్ షాపుల్లో చాలావరకు అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత పద్ధతి) అలవాటు. యూనికోడ్ తెలుగును పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. దీనికన్నా కనిపించకుండా దెబ్బతీసేది పొల్లు తర్వాతి అదృశ్య అక్షరం. ‘లాండ్స్‌హూట్’లో ‘స్’ కింద ‘హ’ వత్తుగా దిగకుండా ఆపేది అదే. ఫైలు ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు అది రాలిపోతే ‘లాండ్స్హూట్’ అయిపోతుంది. జర్మన్ పేర్లన్నీ ఇలాంటి పొల్లులతోనే నిండి ఉంటాయి కాబట్టి ఒక్క పేరు చూసి ఊరుకోకూడదు. మార్గం: డిజైన్ మన దగ్గరే పూర్తిచేసి, అక్షరాలన్నిటినీ కర్వ్‌లుగా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి, పీడీఎఫ్‌గా ఇవ్వాలి. కర్వ్‌లు చేయకముందు కాపీ ఒకటి విడిగా దాచుకోవాలి, తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా అదే దిక్కు. అసలు సైజులో 100 డీపీఐ చాలు. అతి చిన్న అక్షరం ఎత్తు 5 మిల్లీమీటర్లకు తగ్గితే ఫ్లెక్స్ మీద గుడి, సున్న పూడిపోతాయి.

మిగిలిన పని

ప్రావిన్సుల సభల చర్చల్లో శిక్షాస్మృతి మీద ఏ సభ ఏం చెప్పిందో వరసలుగా ఎక్కించాలి. రైన్ సభ వరస ఉంది, మిగతా ఏడు ఖాళీగా ఉన్నాయి. 1843, 1845, 1847 ముసాయిదాలను సెక్షన్ల వారీగా పక్కపక్కన పెట్టే షీటు మొదలైంది. మొదట మరణశిక్ష, దొంగతనం, రాజద్రోహం – ఈ మూడు అధ్యాయాలే తీసుకుంటున్నాం. ఫ్లెక్స్‌కు ముందు ఏ3 కాగితాల మీద ముక్కలుగా నమూనా తీసి, పేర్లూ పొల్లులూ మరోసారి చదివాకే షాపుకు ఫైలు వెళ్తుంది.